చక్రాల మీద తూర్పు గుమ్మం

పోయిన ఆదివారం ఒక కుర్ర జంట బిషాన్‌లో మా ఫ్లాటుకి వచ్చింది. అబ్బాయి కార్తీక్, అమ్మాయి సుష్మ. ఇద్దరివీ బ్యాంకు సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు. బుకిట్ బటోక్‌లో ఒక పాత ఫ్లాటు చూసుకున్నారట. గాలి, వెలుతురు, దగ్గర్లో ట్రైన్, కింద తిండి దుకాణాలుండే హాకర్ సెంటరు, అన్నీ కుదిరాయి గాని గుమ్మం దగ్గర ఆగిపోయారు. ఫోనులో దిక్సూచి యాప్ పెట్టి చూస్తే ఒకసారి తూర్పంటుంది, ఇంకోసారి దక్షిణమంటుంది. ఊళ్ళో ఉన్న అత్తగారు రోజూ ఫోను చేసి ఇదే అడుగుతున్నారట. "మీరు ఇక్కడ చాలా ఏళ్ళుగా ఉన్నారు కదా ఆంటీ, మీరొక మాట చెప్తే డిసైడ్ అయిపోతాం" అంది సుష్మ. నేను వాస్తు చూస్తానని ఎవరు పుట్టించారో తెలీదు. దొరికితే వాళ్ళ సంగతి చెబుదును.

కాఫీ తాగుతూ కార్తీక్ ఫోను తీసి, తను కూర్చున్న బల్ల మీదే పక్కన పెట్టి యాప్ తెరిచాడు. మా ఇంట్లో తూర్పు ఎటుందో చూద్దామని ముచ్చట. సూది కాసేపు తత్తరపడి ఆగింది, తూర్పు గుర్తు మా బాత్రూం వైపు తిరిగి నిలబడిపోయింది. "ఆంటీ, మీ ఈస్ట్‌లో బాత్రూం ఉంది" అన్నాడు, ఏదో జబ్బు సంగతి చెప్పినట్టు గొంతు తగ్గించి. రోజూ పొద్దున్నే ఎదురు కిటికీలోంచి ఎండ మొహాన కొడితే లేచేదాన్ని నేను. నవ్వాపుకోలేక కాఫీ పొలమారింది. పిల్లాడి తప్పేం లేదు. అతను కూర్చున్నది ఉత్త బల్ల కాదు. ఒక పాత పికప్ వెనక తలుపు. దానికి నాలుగు కాళ్ళు బిగించి కిటికీ కింద వేసుకున్నాను. పదిసార్లు రంగు వేసినా లోపల ఇనుమే. ఆ ఇనుము పక్కన పెట్టిన దిక్సూచి నిజం చెప్పదని మా ఇంట్లో అందరికీ బాగా తెలుసు. ఎలా తెలిసిందో చెప్పాలంటే మా నాయనమ్మ దగ్గర మొదలుపెట్టాలి.

మేము అప్పుడు ఇదే ఊళ్ళో వుడ్‌ల్యాండ్స్‌లో ఉండేవాళ్ళం. నాన్న విశాఖపట్నం నుంచి దేశం దాటి ఇక్కడి ఓడల యార్డులో పనికి వచ్చాడు. తర్వాత అమ్మనీ నన్నూ తెచ్చుకున్నాడు, ఆ తర్వాత నాయనమ్మని. నాయనమ్మ దిగిన రోజున టాక్సీ దిగి, లిఫ్టు ఎక్కి, మా గుమ్మం ముందు నిలబడి లోపలికి అడుగు పెట్టకుండా వెనక్కి తిరిగి సూర్యుడి కోసం చూసింది. చూసి, "దచ్చినం" అంది. అంతే. ఆ తర్వాత మా ఇంట్లో ఏం జరిగినా దానికి ఆ గుమ్మమే కారణం. అమ్మకి మోకాళ్ళు నొప్పి పుడితే దక్షిణం. నాకు లెక్కల్లో తక్కువ మార్కులొస్తే దక్షిణం. పెరుగు తోడుకోకపోతే కూడా దక్షిణమే. అలాగని గుమ్మాన్ని అలక్ష్యం చేసేది కాదు. తెల్లవారకుండానే లేచి కారిడార్‌లో నీళ్ళు చల్లి, చిన్న ముగ్గు వేసి, గడపకి పసుపు రాసేది. ఎదురింటి చైనీస్ ఆంటీ అదే వేళకి అగరొత్తుల కట్ట వెలిగించేది. ఒకరి భాష ఇంకొకరికి రాదు. అయినా రోజూ కాసేపు మాట్లాడుకునేవారు. సాంబ్రాణి, అగరొత్తులు, అమ్మ వేయించే ఆవాలూ కరివేపాకూ కలిసిన ఆ వాసన ఇప్పుడు ఏ కారిడార్‌లో తగిలినా నేను ఒక్క క్షణం ఆగుతాను.

ఒక్క విషయంలో మాత్రం నాయనమ్మ మెట్టు దిగలేదు. ఆ ఫ్లాటులో పాలు పొంగించనివ్వలేదు. మేము చేరినప్పుడు అమ్మ పొంగించలేదట, నాయనమ్మ వచ్చాక చేద్దామని ఆగింది. నాయనమ్మ వచ్చి, "దచ్చినం గుమ్మానికి పాలు పొంగిస్తే ఏటి, పొంగించకపోతే ఏటి? ఇది ఉండడానికి. ఇల్లంటే తూరుపు గుమ్మం ఉండాల" అంది. పెళ్ళైన దగ్గర్నుంచీ ఆవిడ పోర్టు క్వార్టర్లలోనో, అద్దె గదుల్లోనో బతికింది. తాతయ్య ఎప్పటికైనా తూర్పు గుమ్మం ఇల్లు కట్టిస్తానని మాటిచ్చి, ఆ మాట అలా ఉండగానే పోయాడు. బంధువుల గృహప్రవేశాలన్నిటికీ ముందురోజే వెళ్ళి మామిడాకులు కుట్టడం దగ్గర్నుంచి అంతా చేసి, తీరా పాలు పొంగించే వేళకి వెనక్కి వెళ్ళి నిలబడేది. మొగుడు పోయినవాళ్ళు ముందుకి రాకూడదని ఆ రోజుల పద్ధతి. పాడు పద్ధతి. ఇప్పుడు తలుచుకున్నా నాకు ఒళ్ళు మండుతుంది.

ఆ ఏడాది నాయనమ్మ కళ్ళు మసకబారడం మొదలైంది. ముగ్గు గీతలు వంకర పోయేవి. డాక్టరు చూసి, నరం దెబ్బతింది, ఉన్న చూపు ఎంతకాలం నిలుస్తుందో చెప్పలేనన్నాడు. ఇంటికొచ్చాక నాయనమ్మ ఏడవలేదు, నిట్టూర్చలేదు. అన్నం తింటూ మామూలుగా, "ఒరే అప్పలరాజూ, కళ్ళున్నప్పుడే నా గుమ్మంలోంచి పొద్దు పొడుపు ఒక్కపాలి సూడాలనుందిరా" అంది. నాన్న చేతిలో ముద్ద కంచంలో పెట్టేశాడు. "గవర్నమెంటు ఫ్లాటమ్మా. గుమ్మం తిప్పడానికి మనకి కుదరదు" అన్నాడు. "నేనేమైనా తిప్పమన్నానేటి? అనిపించింది, అన్నాను" అంది ఆవిడ.

నాన్నతో పాటు యార్డులో పనిచేసే మణియం అంకుల్ తమిళాయన. ఇల్లు సముద్రపు పాయ అవతల, వేరే దేశంలో ఉన్న జోహోర్‌లో. రోజూ వంతెన దాటి పనికి వచ్చి, సాయంత్రం దాటి వెళ్ళిపోయేవాడు. ఆయన పెరట్లో ఇంజను చచ్చిన పికప్ ఒకటి గడ్డిలో కూరుకుపోయి ఉండేది. ముందు భాగమంతా తుప్పు పట్టి పోయింది గాని, వెనక తొట్టి, దాని కింద ఇరుసు, కమాను పట్టీలు గట్టిగా ఉన్నాయి. ముందు భాగం కోసేసి, తొట్టికి కాడి వెల్డింగ్ చేసి, పైన కప్పు వేస్తే కారు వెనక తగిలించుకుని ఎక్కడికైనా వెళ్ళి పడుకోవచ్చని అంకుల్‌కి ఎప్పట్నుంచో సరదా. ఆ మాట ఆయన క్యాంటీన్‌లో టీ తాగుతూ నాన్నకి చెప్పాడు. నాన్న ఆ రోజు ఇంటికి పరుగులాంటి నడకతో వచ్చాడు. చెప్పులు విప్పకుండానే, "అమ్మా, ఫ్లాటుని తిప్పలేం గాని, చక్రాలున్న ఇంటిని ఎటు కావాలంటే అటు తిప్పొచ్చు" అన్నాడు. అమ్మ వంటింట్లోంచి గరిటె పట్టుకుని వచ్చి ఈయనకేమైందా అన్నట్టు చూసింది. నాయనమ్మ మాత్రం ఒక్కటే అడిగింది. "గడప ఉంటాదా?"

అలా మా శని ఆదివారాలన్నీ జోహోర్‌కి వెళ్ళిపోయాయి. తెల్లవారుజామున బస్సెక్కి, వంతెన మీద పాస్‌పోర్టులు చూపించి, అంకుల్ పెరట్లో దిగేవాళ్ళం. డబ్బు పెట్టి కొనకూడదని నాన్న పంతం. ఇక్కడ చైనీస్ కొత్త సంవత్సరానికి ముందు జనం పాత సామానంతా బ్లాకుల కింద వదిలేస్తారు కదా, ఆ వారమంతా నాన్న పని నుంచి వచ్చాక బ్లాకు బ్లాకూ తిరిగి బీరువా తలుపులు, మంచం చెక్కలు, ఒక కిటికీ రెక్క ఏరుకొచ్చాడు. వాటిని మోసుకుని వంతెన దాటుతుంటే కస్టమ్స్ అతను ఆపి ఇదేమిటని అడిగాడు. "ఇల్లు" అన్నాడు నాన్న. అతను మా నలుగురినీ, చేతుల్లోని చెక్కల్నీ ఒకసారి చూసి, పొమ్మని చెయ్యి ఊపాడు.

పెరట్లో కోత మిషను రవ్వలు చిమ్మేది. ఎర్ర ప్రైమర్ వాసనకి నాకు మొదట్లో తల తిరిగింది, తర్వాత అదంటే ఇష్టం పుట్టింది. నా పని తుప్పు గీకడం. సాయంత్రానికి నా ముక్కులోంచి ఎర్ర చీమిడి వచ్చేది. నాన్న, అంకుల్ కలిసి తొట్టి చుట్టూ ఇనప యాంగిళ్ళు నిలబెట్టి, చెక్కలు బిగించి, పైన రేకు పరిచారు. వెనక తలుపు కిందికి దించితే గొలుసుల మీద ఆగి చిన్న అరుగులా అయ్యేది. దాని పైన, లోపలికి అడుగు పెట్టే చోట, నాన్న ఒక పాత మంచం కోడుని చెక్కి గడప బిగించాడు. అందరం దానికి తట్టుకుని పడేవాళ్ళం. పడ్డ ప్రతిసారీ అంకుల్ తమిళంలో ఒక మాట అనేవాడు. అది నేను స్కూల్లో అని దెబ్బలు తిన్నాను.

వాస్తు మాత్రం నాయనమ్మది. పెరట్లో కుర్చీ వేసుకుని, గొడుగు పట్టుకుని కూర్చుని ఒక్కొక్కటీ చెప్పేది. వెనక తలుపు తూర్పు. కనుక తలుపు పక్కన కుడివైపు ఆగ్నేయం, అక్కడ పొయ్యి. దేవుడి పటం ఎడమ పక్కన ఈశాన్యంలో. పడుకుంటే తల దక్షిణానికి. ఆ చివరి నిబంధన ప్రకారం తొట్టిలో అడ్డంగా పడుకోవాలి, అలా సరిపోయేది నాయనమ్మ ఒక్కతే. "ఇల్లు ఎవలిది మరి?" అంది. అంకుల్ తల గోక్కుని, "పాటి, ఇది క్యాంపింగ్ బండి, కోవిల్ కాదు" అన్నాడు. పాటి అంటే నాయనమ్మ, కోవిల్ అంటే గుడి. "నువ్వు బండి కట్టు మణీ, ఇల్లు నేను కడతాను" అంది నాయనమ్మ. ఓడ వంటగదుల్లో గిన్నెలు జారకుండా పొయ్యి చుట్టూ కమ్మీ ఉంటుందట. నాన్న అలాంటిదే కట్టి, కిరసనాయిలు స్టవ్వుని నేలకి బోల్టులతో బిగించాడు. ఎందుకింత హడావిడి, అన్నం వండుకోవడానికి ఓడ ఎక్కుతున్నామా అని అమ్మ దెప్పింది. ఆ కమ్మీ లేకపోతే ఏమయ్యేదో తర్వాత ఆవిడే చెప్పేది.

అన్నీ అయ్యాక నాన్న యార్డు నుంచి ఒక దిక్సూచి తెచ్చాడు. ఇత్తడి డబ్బా, గాజు మూత, లోపల వణికే సూది. ఓడల మనిషిని కదా, దిక్కులు నాకు తెలియవా అని ఒకటే గర్వం. ఆ డబ్బాని ఎక్కడో పెడితే పోతుందని సరిగ్గా గడప పక్కన, తొట్టి ఇనుము మీదే స్క్రూలతో బిగించాడు. ఎక్కడ ఆగినా అది చూసి బండిని తిప్పుకుంటే చాలన్నాడు. ఓడలు కట్టేవాళ్ళిద్దరూ పక్కపక్కనే నిలబడి దాన్ని మెచ్చుకున్నారు. ఒక్కరికీ అనుమానం రాలేదు.

స్కూలు సెలవుల్లో అంకుల్ పాత కారుకి ట్రైలర్ తగిలించుకుని జోహోర్ తూర్పు తీరానికి బయల్దేరాం. నాయనమ్మ ఒళ్ళో ఇత్తడి గిన్నె, సీసాలో పాలు, మా బ్లాకు పక్క చెట్టు నుంచి కోసిన మామిడాకుల దండ. చేరేసరికి సాయంత్రమైంది, పైగా ముసురు. ఆకాశం ఎటు చూసినా ఒకటే బూడిద రంగు. సరుగుడు చెట్ల మధ్య, ఒక వాగు సముద్రంలో కలిసే చోట బండి ఆపారు. నాన్న గొడుగు కింద దిక్సూచి చూస్తూ అటు, ఇటు, ఇంకొంచెం అని అంకుల్ చేత తిప్పించి, కారు విప్పించి, చక్రాల కింద రాళ్ళు పెట్టాడు. అమ్మ అలల చప్పుడు వస్తున్న వైపు చూసింది. "సముద్రం అటు కదండీ. మనం తూర్పు తీరానికి కదా వచ్చాం. అయితే తూర్పు అటేగా?" అంది. నాన్న ఓపికగా నవ్వాడు. "తీరం వంకర్లు తిరిగి ఉంటుంది రమణా. సూది వంకర తిరగదు." అమ్మ ఇంకేమీ అనకుండా వెళ్ళి టార్పాలిన్ కట్టడం మొదలుపెట్టింది. ఆవిడ మాట్లాడకుండా పని చేస్తోందంటే మనం తప్పు చేస్తున్నామని అర్థం. ఆ సంగతి నాన్నకి తెలిసి ఉండాల్సింది.

పొద్దున్నే వాన వెలిసింది. చీకటి ఇంకా పూర్తిగా పోలేదు. నాయనమ్మ చన్నీళ్ళు పోసుకుని, ఉతికిన చీర కట్టుకుని, గడపకి పసుపు రాసి మామిడాకులు కట్టించింది. అమ్మ స్టవ్వు వెలిగించింది. గిన్నెలో పాలు పోసింది. అలవాటు ప్రకారం నాయనమ్మ వెనక్కి జరగబోయింది. అమ్మ ఆవిడ చెయ్యి పట్టుకుని స్టవ్వు ముందు కూర్చోబెట్టింది. "ఎక్కడికత్తా? నీ ఇల్లు, నువ్వే పొంగించు" అంది. నాయనమ్మ కొంగుతో ఒకసారి మొహం తుడుచుకుని గిన్నె పొయ్యి మీద పెట్టి, గుమ్మానికి ఎదురుగా తిరిగి కూర్చుంది. మేమంతా కింద ఇసకలో నిలబడి ఆవిడ మొహం వైపే చూస్తున్నాం. చెట్ల మధ్య నుంచి మొదటి ఎండ పక్క కిటికీలోంచి లోపలికి వచ్చింది. నాయనమ్మ మెల్లగా చెయ్యెత్తి ఎడమ చెంప తడుముకుంది.

"ఒరే అప్పలరాజూ, పొద్దు ఎడం సెంప మీద పడతందేట్రా?"

నాన్న సూర్యుణ్ణి చూశాడు. దిక్సూచిని చూశాడు. మళ్ళీ సూర్యుణ్ణి చూశాడు. ఎడమ చెంప మీద తూర్పు ఉంటే ముక్కుకి ఎదురుగా ఏముంటుందో ఎవరూ చెప్పక్కర్లేదు. "మళ్ళా దచ్చినమే" అంది నాయనమ్మ. ఆ గొంతులో కోపం లేదు, అలవాటైపోయిన నీరసం ఉంది. అది వినలేకే కాబోలు అంకుల్ వెళ్ళి దిక్సూచి స్క్రూలు ఊడదీసి, దాన్ని పట్టుకుని దూరంగా నడిచాడు. నడుస్తుంటే సూది మెల్లగా తిరిగిందట. అక్కణ్ణుంచే నుదురు కొట్టుకుని, "రాజూ, ఇరుంబు!" అని అరిచాడు. ఇరుంబంటే ఇనుము.

"అత్తా, దిగు. బండి తిప్పుతారు" అంది అమ్మ. "పాలు పొయ్యి మీదుండగా దిగుతారేటి?" అంది నాయనమ్మ. దిగలేదు. నాన్న రాళ్ళు లాగేశాడు. నాన్న, అంకుల్ కాడి ఎత్తి పట్టుకున్నారు, అమ్మా నేనూ పక్క నుంచి తోశాం. రాత్రి వానకి చక్రాలు ఇసకలో దిగబడి ఉన్నాయి, చచ్చినా కదలవు. లోపల పాల అంచున నురగ మొదలైంది. కాస్త దూరంలో వలలు సర్దుకుంటున్న మలయ్ జాలర్లు ఇదంతా చూసి పరిగెత్తుకొచ్చారు. లోపల ముసలావిడ పొయ్యి వెలిగించుకుని కూర్చోవడం చూసి ఒక్క క్షణం ఆగారు, మళ్ళీ ఏమీ అడగకుండా భుజాలు పెట్టారు. బండి కదిలింది. గిన్నె జారి కమ్మీకి తగిలి నిలబడింది. నాయనమ్మ కళ్ళు మూసుకుని పైనుంచి చెబుతోంది. "ఇంకా. ఇంకా. సెంప మీదే ఉంది, బేగి తిప్పండి. ఆఁ, కంటి మీదకొచ్చింది. ఇంకొంచెం. ఆఁ, ముక్కు మీద. ఆపండి." ఆవిడ కళ్ళు తెరిచింది. ఎదురుగా సముద్రం మీద సూర్యుడు. పాలు పొంగి, తూర్పు వైపే ఒలికి, గడప మీది పసుపు మీదుగా అరుగు మీదకి కారాయి. నాయనమ్మ ఏడ్చింది. అమ్మ ఏడ్చింది. నాన్న మాత్రం చక్రం పక్కన ఇసకలో కూలబడి పిచ్చివాడిలా నవ్వుతున్నాడు. ఎక్కణ్ణుంచో ఊరి ఆవు ఒకటి వచ్చి మామిడాకుల దండ సగం లాగి తినేసింది. గృహప్రవేశానికి ఆవు కూడా వచ్చిందని నాయనమ్మ దాన్ని తోలనివ్వలేదు. జాలర్లకి పరమాన్నం పెట్టి పంపించాం.

ఆ తర్వాత నాయనమ్మ మా ఫ్లాటు గుమ్మాన్ని ఒక్క మాట అనలేదు. ఎవరైనా వచ్చి దక్షిణం గుమ్మమా అంటే, "ఇది నా కొడుకు ఫ్లాటు. నా ఇల్లు జోహోర్‌లో ఉంది, తూరుపు గుమ్మం" అనేది దర్జాగా. సెలవులొస్తే ఆవిడ ఇంటికి మేమే చుట్టాలుగా వెళ్ళేవాళ్ళం.

సుష్మ ఇదంతా విని, "మరి మా ఫ్లాటు సంగతేంటి ఆంటీ?" అంది. వాళ్ళు దిక్కు చూసింది ఇనప గేటుకి ఫోను ఆనించి. పొద్దున్నే వెళ్ళి, గుమ్మంలో బయటికి తిరిగి నిలబడి, కళ్ళు మూసుకుని ఎండ ఎక్కడ పడుతుందో చూసుకోమన్నాను. మర్నాడు మెసేజ్ వచ్చింది: 'ఎడమ చెంప ఆంటీ. అయినా కొనేస్తున్నాం. అత్తయ్యకి మీరు చెప్పాలి.' చెబుతాను, నాకేం భయం? ఇప్పటి పిల్లలకి చేతిలో అన్ని దిక్కులూ చూపించే ఫోనుంది. మాకు దిక్కు తెలియాలంటే ఆరుబయట ఒక రాత్రి పడుకుని, తెల్లారేదాకా ఆగాల్సి వచ్చేది. ఇప్పటిదే సుఖం, కాదనను. కానీ ఒకావిడ మొహాన ఎండ పడడం కోసం ఇంటిని భుజాలతో తిప్పిన జనం మధ్య నేను పెరిగాను. ఆ గర్వం నాకుంది.

సుష్మకి చెప్పని ముక్క ఒకటుంది. కొన్నేళ్ళకి నాయనమ్మ చూపు పూర్తిగా పోయింది. ప్రయాణాలు మానేసింది. ట్రైలర్ అంకుల్ పెరట్లోనే ఉండిపోయింది, అరుగు పడమటి గోడ వైపు తిరిగి. టైర్లు చచ్చిపోయి తిప్పడానికి వీల్లేకుండా ఉంది. ఒక సాయంత్రం ఆవిడ పట్టుబడితే తీసుకెళ్ళాం. నాన్న చెయ్యి పట్టుకుని అరుగు మీద కూర్చోబెట్టాడు. ఆవిడ గడప తడిమి చూసుకుని, "ఇవేళ ఎటు మళ్ళుందిరా నా ఇల్లు?" అని అడిగింది. "తూర్పేనమ్మా" అన్నాడు నాన్న, మా ఎవరి మొహమూ చూడకుండా. గోడ మీంచి ఎర్రటి ఎండ సూటిగా ఆవిడ మొహం మీద పడుతోంది. నాయనమ్మ ఆ ఎండలో చాలాసేపు కూర్చుంది. తర్వాత నాన్న భుజం వెతుక్కుని దాని మీద చెయ్యేసింది.

"తూరుపేరా నాయినా. ముక్కు మీదే పడతంది" అంది. "అమ్మ కోసం సాయంకాలం పూట పొద్దు పొడిపించినోడివి నువ్వొక్కడివే."